ఎనిమిదో రోజు

ఏడు రోజులదాకా అతిథే, అంటుంది మా అమ్మమ్మ కొనాడు.
ఎనిమిదో తెల్లవారు నాలుకమీద ఓ చుక్క నీళ్లు, ఓ చుక్క సారా.
నీళ్లను నీళ్లనే అనాలి సుమా, అని చెప్పాకే
మనిషి.

ఆరో రాత్రి వెళ్లిపోయింది.
ఏడవకూడదు. వచ్చిన దారినే పోయినవాళ్లకి ఏడుపేమిటి?
అఫ్రియె ముందు వేరుశెనగ పులుసు గిన్నె పెట్టారు.
తింది.
రవికమీద రెండు తడి మచ్చలు.

మర్నాడు కుమాసిలో, నా బల్లమీదికి
ఒక కోకో కంపెనీ వచ్చింది, పుట్టడానికి.
పేరుంది, ముద్ర ఉంది, ఉండేది ఒక తపాలా పెట్టెలో.
దావా వేయగలదు, అప్పు పడగలదు,
చట్టం ముందు నిలబడగలదు. కాళ్లు లేవు.
సంతకం పెట్టాను. వ్యక్తి అయింది.

పెన్నుకి మూత పెట్టబోతూ క్యాలెండర్ చూశాను.
మాది పుట్టింది గురువారం.
మాలో గురువారం పుట్టిన ఆడపిల్ల
ఎవరూ పెట్టకుండానే యా.
రోజే పిలుస్తుంది.

అఫ్రియెకి చెప్పలేదు.
రాత్రి తనే అంది, గోడవైపు తిరిగి:
"మూడోనాడే తాగించాను, వేలితో.
నీళ్లని చెప్పాను.
వింది."