హంసపాదు

పైక్రాఫ్ట్స్ రోడ్డులో, మిషను మోత కింద,
పదకొండేళ్లు ఇతరుల అక్షరాలు దిద్దాను.
"ఒత్తులు చూడమ్మా, కథ చూడకు,"
అనేవాడు ఫోర్‌మన్ చెంగల్రాయుడు.

కథ చూశాను.

ఆ నవలలో అతను కిటికీ దగ్గర కూర్చుని
ముప్పై ఎనిమిది పేజీలు
ఒక్క ఫుల్‌స్టాపు లేకుండా ఆలోచిస్తాడు.
నాకు ఫారానికి రూపాయిన్నర.
అతని ఆలోచనల మీదే మా ఇంట్లో బియ్యం ఉడికాయి,
అబద్ధమెందుకు.

ఆమె కాఫీ తెస్తుంది.
పెడుతుంది. వెళుతుంది.
కొంగు గడపదాకా వాక్యంలో ఉంటుంది,
దాటాక ఉండదు.
మొత్తం పద్నాలుగు కాఫీలు.
డబ్బాలో పొడి ఎప్పుడు అడుగంటిందో
చైతన్య స్రవంతికి తెలియదు.
పేరు కూడా లేదు. మొదట్లో ఆమె "నీడ",
మధ్యలో "నది",
చివర సముద్రంలోకి నడిచిపోతుంటే "విముక్తి".

సముద్రం మాకు పక్కనే.
ఆ సాయంత్రం చివరి ఫారం సంచిలో పెట్టుకుని
ట్రిప్లికేను సందుల్లోంచి మెరీనాకి వెళ్లాను.
మోకాళ్లదాకా వచ్చేసరికే
నూలుచీర ఇంటెడు బరువైంది.
విముక్తి అంత దూరం ఎలా నడిచిందో!
రాసినాయన చీర కట్టి చూసినట్టు లేదు.
సుండల్ అమ్మే ఆవిడ అరవంలో అరిచింది,
చెప్పులు ఎవరో ఎత్తుకుపోతున్నారని.
పరుగెత్తుకొచ్చాను.

మర్నాడు పద్నాలుగో కాఫీ పక్కన
హంసపాదు వేసి, మార్జిన్‌లో అడిగాను:
ఈమె ఏమనుకుంటోంది?

రచయితనే అడిగాను.
కంపోజిటర్ దొరస్వామికి తెలుగు అక్షరాలే వచ్చు, తెలుగు రాదు.
మాటర్ అనుకుని పేర్చేశాడు.
అచ్చయిపోయింది.

నలభై ఆరేళ్ల తర్వాత, పెరంబూరులో మా ఇంటికి
విరజ అనే యూనివర్సిటీ పిల్ల
జిరాక్సు కాగితాలతో వచ్చింది.
ఆ వాక్యం కింద మూడు గీతలు.
"ఇక్కడ పురుష కథనం తనని తానే చీల్చుకుంటుంది,
ఆ రోజుల్లో ఆయనకెంత చూపండీ!" అంది.

నేను కళ్లజోడు తుడుచుకున్నాను.
చెబుదామనుకున్నాను.
ఈలోగా ఆ అమ్మాయే లేచి, వంటింట్లో డబ్బాలు వెతికి,
రెండు గ్లాసుల కాఫీ కలుపుకొచ్చింది.
"పొడి అయిపోయిందండీ, కాస్త పల్చగా ఉంటుంది."

కాగితం దగ్గరికి తెచ్చుకుని చూశాను.
ప్రశ్నార్థకం తలకిందులుగా పడింది.
అది మాత్రం నా తప్పు కాదు.