పూర్తి నిమిషం

పొతోసీలో గాలి పల్చన.
నాలుగు మెట్లెక్కితే చాలు
ఊపిరి వెనకబడిపోయి, ఆగమని పిలుస్తుంది.
నేను పల్లపు సాంతాక్రూస్ నుంచి వచ్చినదాన్ని.
మొదటి వారమంతా
నా గుండె చప్పుడుకి నేనే ఉలిక్కిపడి లేచేదాన్ని.

రాత్రి డ్యూటీలో ఎవులాలియా
ఆక్సీమీటరు నా చేతికివ్వలేదు.
తెల్లకోటు కింద ఊలు స్వెట్టరు సర్దుకుంటూ
గోడ గడియారం చూపించింది.
"ముందు చూడు. కొలవడం తర్వాత."

మూడో మంచం, దోన్ ఇలారియోన్ చోకే.
ముప్పై ఒక్క ఏళ్ళు కొండ కడుపులో తగరం తవ్వాడు,
ఆ రాతిపొడి ఇంకా ఆయన ఛాతీలోనే ఉంది.
మంచం అంచున కూర్చుని
అరచేతులు మోకాళ్ళకి ఆనించి ముందుకు వంగాడు,
బరువు దించే చోటు దొరకని కూలివాడిలా.

"ఏం కనిపిస్తోంది?"
"ఆయాసం."
"అది పేరు. కనిపించేది చెప్పు."

మెడ పక్కన తాళ్ళలా బిగిసే కండరాలు.
ప్రతి ఊపిరికీ లోపలికి జారే కంఠం కింది గుంట.
వేడి సూపు చల్లార్చుకుంటున్నట్టు
పెదవులు కూడదీసి ఊదడం.
మంచినీళ్ళడగడానికి
మూడు చోట్ల ఆగడం.

"ఇప్పుడు మణికట్టు పట్టుకో.
నాడి చూస్తున్నట్టు నటిస్తూ ఊపిరి లెక్కపెట్టు.
లెక్కపెడుతున్నారని తెలిస్తే
ఫోటోకి నవ్వినట్టు
ఊపిరి కూడా మారిపోతుంది."

పదిహేను సెకన్లు లెక్కపెట్టి
నాలుగుతో గుణించబోయాను.
"మిగతా నలభై ఐదు సెకన్లలో ఏం జరిగిందో
గుణకారానికేం తెలుసు?"
మళ్ళీ మొదటినుంచీ. అరవై సెకన్లూ.
ఇరవై ఎనిమిది.

ఆయన వేలు చలికి కట్టెలా ఉంది.
"చల్లటి వేలు అబద్ధం చెబుతుంది" అని
రెండు అరచేతుల మధ్య రుద్దింది, చలిమంట రాజేసినట్టు.
డెబ్భై తొమ్మిది.
నా మొహం చూసి
ఆ క్లిప్పు తీసి నా వేలికే తగిలించింది.
ఎనభై ఎనిమిది.
"బతికే ఉన్నావుగా? ఇది పొతోసీ.
ఈయనకి ఎనభై ఐదు చాలు."

ముక్కు గొట్టం పెట్టి,
చెవుల వెనక ఒరుసుకోకుండా దూది పెట్టి,
నిమిషానికి ఒకటిన్నర లీటర్లు.
సీసాలో నీళ్ళు గుడగుడమన్నాయి.

రెండు గంటలకి ఆమె ప్రసూతి వార్డుకి వెళ్ళింది.
నేనూ, ఆ ఎనభై ఐదూ మిగిలాం.
చదువుకున్న పుస్తకాల్లో ఆ అంకె ఎర్రగా ఉండేది.
మీట తిప్పాను. మూడు. ఐదు.
తొంభై. తొంభై మూడు. తొంభై ఏడు.
దోన్ ఇలారియోన్ వెనక్కి వాలాడు,
మెడ మీది తాళ్ళు వదులయ్యాయి.
ఎంత సంతోషమో నాకు!
'ప్రశాంతంగా నిద్రపోతున్నాడు' అని రాశాను,
గుండ్రటి అక్షరాలతో.

ఆమె తిరిగొచ్చి యంత్రం వైపు చూడలేదు.
పేరు పెట్టి పిలిచింది. మళ్ళీ పిలిచింది.
సగం తెరుచుకున్న కన్ను ఎవరినీ గుర్తుపట్టలేదు.
చేతులు చాపి పట్టుకుంటే
మణికట్లు తడిసిన పిట్ట రెక్కల్లా కొట్టుకున్నాయి.
ఊపిరి నిమిషానికి తొమ్మిది.

"అంకె బాగుంది. మనిషేడీ?"

నా చేయి మీట మీదే ఉండిపోయింది.
తీసేయమనలేదు, తన చేయి దానిపైన వేసింది.
"ఒక్కసారిగా కట్టేయకు. తగ్గించు.
ఈ ఛాతీకి గాలి తోడెయ్యడం చేతకాదు,
వాడేసిన గాలి లోపలే నిలిచి మత్తెక్కిస్తుంది."
ఇద్దరం కలిసి తిప్పాం.
డాక్టరు పరుగున వచ్చాడు,
మణికట్టు ధమని నుంచి రక్తం తీశాడు.
వీపు వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం,
నిద్రలోకి జారినప్పుడల్లా పేరు పెట్టి పిలిచాం.
నా గొంతులో ఏడుపు ఉంది గానీ
ఏడవడానికి ఖాళీ లేదు.

కిటికీలో కొండ ఎర్రబడుతుంటే
ఆయన నన్ను చూసి అడిగాడు,
"అమ్మాయ్... సిగరెట్... ఉందా?"
ఎవులాలియా సిలిండరు మీద తట్టింది.
"దీని పక్కనా?
గనిలో పేల్చింది చాల్లేదా నీకు?"
ఆయన నవ్వాడు. నవ్వు దగ్గయింది.
దగ్గు తగ్గేదాకా ఆగి
మణికట్టు పట్టుకున్నాను.

రాత్రి రాసింది ఒకే గీతతో కొట్టేశాను,
కింద ఉన్నది ఎవరైనా చదవగలిగేలా.
దాని కింద రాశాను:
ఊపిరి ఇరవై నాలుగు, పూర్తి నిమిషం లెక్క.
మాట మధ్య రెండు చోట్ల ఆగుతున్నాడు.
సిగరెట్ అడిగాడు.