హారం

మొదటి ఏడాది మొదటి క్లాసులో
హైమవతి మేడం బోర్డు మీద ఒక అడ్డగీత గీసింది.
పైన జబ్బుపడినవాళ్లు, కింద అందరూ.
పైది లవం, కిందది హారం.
"డాక్టర్లు పైన చూస్తారు.
మీరు కింద చూడండి."

మెడలో వేసుకునేదానికీ అదే పేరు కదా అని
వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.
నేనే.

నేనేం చదువుతున్నానో ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.
పెళ్లిళ్లలో పిన్ని "డాక్టరు కోర్సులాంటిదే" అంటుంది,
వెంటనే ఎవరో ఒకరు చెయ్యి చాపి నాడి చూడమంటారు.
నాకు నాడి తెలీదు.
ఏ వీధిలో కుళాయి ఎన్నింటికి వస్తుందో తెలుసు,
ఆ కుళాయికీ మురిక్కాలువకీ ఎన్ని అడుగులో తెలుసు,
కూలరు అడుగున తలకిందులుగా వేలాడే పురుగు
ఎన్నాళ్లకు దోమై లేస్తుందో తెలుసు.
పెళ్లిలో ఇవన్నీ ఎవరడుగుతారు?

రెండో ఏడాది మార్చిలో జ్ఞానాపురం పంపించారు.
అట్టకు క్లిప్పు, క్లిప్పుకి నలభై రెండు ప్రశ్నలు.
పోర్టు వైపు నుంచి గాలి.
బొగ్గు గుట్టల మీద నీళ్లు చల్లుతారట,
గాలికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.
ఇరవై మూడో ప్రశ్న: ఇంట్లో దుమ్ము చేరుతుందా, అవును, కాదు.
నేను అడిగేలోపే
నా మణికట్టు కింద కాగితం నల్లగా సాగింది.

నూట పదిహేడో గుమ్మం. నూకరత్నం గారు.
ఆరేసిన స్కూలు చొక్కాలు గదిలోపల, ఫ్యాను కింద.
బయట ఆరేస్తే మళ్లీ ఉతకాలి.
"ఏటమ్మా, డాకటేరువా?"
కాదండి.
"నర్సమ్మవా?"
కాదండి.
"మరేటి, ఓట్ల మనిసివా?"
నవ్వింది. దగ్గింది.
నవ్వు కన్నా దగ్గు పొడుగు.

"కిందటేడు ఒకడొచ్చి రాసుకెల్లాడు.
అంతకు ముందేడు ఇద్దరు.
రాసుకున్నదంతా ఏటి సేత్తారమ్మా?"

నలభై రెండింట్లో ఈ ప్రశ్న లేదు.
శిక్షణలో నేర్పిన వాక్యం,
'మీ వివరాలు గోప్యంగా ఉంచబడతాయి',
నోటిదాకా వచ్చి ఆగింది.
గోప్యమా? ఆవిడ దగ్గు
మూడిళ్ల అవతలికి వినిపిస్తోంది.

"తెలీదండి" అన్నాను.
అలా అనకూడదు, మాకిచ్చిన పుస్తకంలో ఉంది.
ఆవిడ పీట జరిపింది.
"నిజం సెప్పినావు. కూకో. రాసుకో."

ఇంట్లో ఎంతమంది?
నేనూ, కోడలూ, ఇద్దరు గుంటలు.
కొడుకు లారీ మీద, వస్తాడు, పోతాడు.
"మా ముసలోణ్ని రాసినావా?"
ఎక్కడున్నారండీ?
గోడకేసి చూపించింది.

ఇప్పుడు ఉంటున్నవాళ్లనే రాయాలమ్మా అన్నాను.
నా గొంతు నాకే ఆఫీసు గొంతులా వినిపించింది.
"ముప్పై యేళ్లు ఆ బొగ్గే ఎత్తినాడు.
అది తిన్నాడు, అది తాగినాడు, అదే కక్కినాడు.
నీ నెక్కలోకి రాడా?"

రాడు.
పైనా రాడు, కిందా రాడు.
బతికుంటే లవంలో ఉండేవాడు.
పోయాడు గనక
ఈ వీధి కాస్త ఆరోగ్యంగా కనిపిస్తుంది.

ఫోటోకి ప్లాస్టిక్ పూల హారం.
ఒకప్పుడు తెల్లనిదే అయ్యుండాలి.
నా హారంలో చోటు లేని మనిషి
దాని నడుమ మీసాలు దువ్వుకుని కూర్చున్నాడు.
ఆవిడ లేచి, కొంగుతో ఒక్కో పువ్వూ తుడిచింది.
రోజూ తుడుస్తారా?
"పొద్దున ఒకసారి. సందేల ఒకసారి.
ఊరుకుంటే మనిసి కనబడడు."

అంచులో పెన్సిల్‌తో రాశాను:
మృతుడు ఒకరు. హారం రోజుకు రెండుసార్లు.

"అంచుల్లో రాసినవి కంప్యూటరుకి ఎక్కవు" అంది మేడం తర్వాత.
చాలాసేపు చూసింది.
"చెరపకు" అంది.

అదంతా తర్వాత.
ఆ రోజు మాత్రం నీళ్లు తాగి, చెప్పులేసుకుని
నూట పద్దెనిమిదికి వెళ్లాను.
తాళం.
తాళాలకు మా దగ్గర ఒక అంకె ఉంది, తొంభై తొమ్మిది.
రాసేముందు ఎందుకో దాన్ని ముట్టుకున్నాను.
నా వేలిముద్ర, గీత గీతా తెలిసేట్టు,
దాని మీద ఉండిపోయింది.