ఏడో ప్రశ్న

ఉబారీ బడి, నాలుగో తరగతి.
జవాబు పత్రాలు మోకాళ్ళ మీద పెట్టుకుని దిద్దుతున్నాను.
కరెంటు పోయి రెండు గంటలైంది.
ఎర్రసిరా పెన్ను వేడికి గొంతెండి
మాటకొకసారి ఆగుతోంది.

‘మన దేశం: ముఖ్య విషయాలు.’
పుస్తకంలో ఒకటిన్నర పేజీ.
విస్తీర్ణం పదిహేడున్నర లక్షల చదరపు కిలోమీటర్లు.
నూటికి తొంభై పాళ్ళ పైనే ఎడారి.
జనం డెబ్భై లక్షల చిల్లర,
అందులో ఎక్కువమంది
నీళ్ళ తొట్టి చుట్టూ మూగిన మేకల్లా
ఉత్తరాన సముద్రాన్ని ఒరుసుకుని ఉంటారు.
మిగిలినవాళ్ళం మేము.

రాజధాని తరాబులస్. అందరూ సరిగానే రాశారు.
చూసినవాళ్ళు ఇద్దరే.
సరిహద్దు దేశాలు ఆరు.
ఫాదిమాతా నైజర్‌తో మొదలుపెట్టింది,
వాళ్ళ పెద్దమ్మ ఉండేది అక్కడే.
ఎత్తయిన శిఖరం బిక్కు బిత్తి.
పాఠంలో ఆ పేరు పలికిన ప్రతిసారీ తరగతంతా పకపకా నవ్వింది,
అందుకే ఎవరూ మరిచిపోలేదు.
దీనారుకి ఎన్ని దిర్హమ్‌లు?
వెయ్యి అని రాయాలి.
బర్కా మాత్రం
‘బ్యాంకు వరసలో అమ్మ నిలబడ్డ రోజున ఎన్ని ఇస్తే అన్ని’ అన్నాడు.
సున్నా వేశాను.
కాసేపటికి ఆ సున్నా కొట్టేశాను.

ముఖ్య ఉత్పత్తి చమురు.
ఇసుకలోంచి నూనె తీస్తానంటే
ఇక్కడెవరూ నవ్వరు.
నా జీతం వచ్చేది అందులోంచే,
వచ్చిన నెల.

ఏడో ప్రశ్న:
దేశంలో అతి పొడవైన నది పేరు రాయుము.

ఏ దేశపు ప్రశ్నపత్రం చూసి అచ్చేశారో,
ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ లేనిచోట
ఒక మార్కు, ఒక ఖాళీ గీత.
వదిలేసిన వాళ్ళదే సరైన జవాబు.
ఇరవై ముగ్గురు వదిలేశారు.
ఒకమ్మాయి నైలు అని రాసి
అది పక్కింటి సొత్తని గుర్తొచ్చింది కాబోలు, చెరిపేసింది.
జైదాన్ ‘గొట్టం’ అన్నాడు.

గొట్టం.
దాని సంగతి నాకు తెలుసు.
మా ఆయన మసూద్ పదకొండేళ్ళు
దాని వెంబడే జీపులో తిరిగాడు.
లోపల నిలబడి చెయ్యెత్తినా పైకప్పు అందదట.
ఇక్కడ గడ్డి మొలిచిన కాలంలో,
మనిషి ఇంకా ఒంటెకి ముకుతాడు వెయ్యని కాలంలో
కురిసి ఇంకిన వాన
మా పాదాల కిందినుంచి ఉత్తరానికి వెళ్ళిపోతుంది.
రాత్రి ఇంటికొచ్చి
ఆయన మా కుళాయి తిప్పేవాడు.
గాలి. ఒక దగ్గు. మళ్ళీ గాలి.
మంగళవారం దాకా అంతే.

జైదాన్‌కి మార్కు వేశాను.
తనిఖీకి వచ్చేవాళ్ళు కొట్టేస్తే కొట్టెయ్యనీ.

చివరికి మిగిలింది అగాలీ పత్రం.
ఇంట్లో తమాషెక్ మాట్లాడే పిల్లాడు,
వాడి అరబ్బీ ఇంకా గోడ పట్టుకుని నడుస్తోంది.
గీత చాలక
కాగితం అంచు దాకా రాసుకుంటూ పోయాడు:

‘దానికి పేరు లేదు.
ఒక్కసారే వచ్చింది, రాత్రిపూట.
మా బూడిదరంగు మేకనీ
తాత చెప్పుల్నీ తీసుకుపోయింది.
పొద్దున లేచి చూస్తే లేదు.
పొడవు: మేక కోసం నాన్న
సాయంత్రం దాకా నడిచినంత.’

గిబ్లీ లేచినట్టుంది.
కిటికీ సందులోంచి సన్నటి ఇసుక
వాడి అక్షరాల మీద పడుతోంది.
ఊదాను. మళ్ళీ పడింది.

పెన్ను ములికిని నాలుకకి తాకించి
ఒక మార్కు వేశాను.
మేక దొరికిందా అని
కింద రాద్దామనుకున్నాను.
సిరా అక్కడిదాకా రాలేదు.