సెన్సర్ లోపం

సబ్బుబిళ్ళ కన్నా కాస్త పెద్దది.
తెల్ల ప్లాస్టిక్కు, ముందు ఒక పచ్చదీపం,
వెనక, పిన్నీసు మొన పట్టేంత బెజ్జం.
మార్చిలో మోర్‌కమ్ ఊళ్ళో పన్నెండిళ్ళకు పంచాను
విత్తనాల పొట్లాల్లా సంచిలో వేసుకుని,
సముద్రపు గాలికి గొడుగు తిరగబడుతుంటే.

ప్రతి గుమ్మంలోనూ అదే పాఠం అప్పజెప్పాను:
"మీ కెటిల్ మాట, మీ మీటరు మాట, మీ తలుపు మాట
ఇందులోనే ఉంటాయి, కంపెనీలకు పోవు.
కావలసినవాడు ఇక్కడికే వచ్చి అడగాలి.
మీరు ఊఁ అంటేనే ఇది నోరు విప్పుతుంది."
ఆరో ఇంట్లో కుక్క దాన్ని నమిలేసింది.
పంటిగాట్లు కూడా ఫోటో తీసి జతపరిచాం.

ఇంటి గుట్టు లంకకు చేటంటారు మావైపు.
నేను నాలుగేళ్ళుగా చేస్తున్నదల్లా
ఆ సామెతకు సర్క్యూట్ బోర్డు బిగించడమే
అని మా ప్రొఫెసర్‌కి చెప్పబోయి ఊరుకున్నాను.
లంక దగ్గర మొదలుపెడితే
అరగంట మీటింగు ఏ మూలకి?

తొమ్మిదో ఇల్లు ఓపెన్‌షా వాళ్ళది.
కీత్ బస్సు నడిపి నడిపి రిటైరయ్యాడు.
డోరీన్ బడిలో వంట చేసేది. సంతకం ఆవిడదే.
ఫారంలో సంతకానికి ఒకటే గీత,
ఇంట్లో మనుషులు ఇద్దరు.
ఆ తప్పు నాది. అచ్చయ్యాక చూసుకున్నాను.

మూడోవారానికి పెట్టె గీతలు గీసి చూపించింది:
రాత్రి మూడుంపావుకి కెటిల్ ఒక్కసారి మరుగుతుంది.
పెరటి తలుపు తెరుచుకుంటుంది.
నలభై నిమిషాలకు మూసుకుంటుంది.
ఆదివారం లేదు, ఈస్టర్ లేదు,
వడగళ్ళు పడ్డ రాత్రి కూడా.

జూన్‌లో పెట్టెలు వెనక్కి తీసుకోడానికి వెళితే
గేటు దగ్గరే ఆపాడు కీత్.
చేతిలో మొక్కల కత్తెర. ఏ కొమ్మనూ కత్తిరించడం లేదు.
"అది చెడిపోయిందని చెప్పమ్మా మా ఆవిడకి,
ఆ మూడుంపావు సంగతి.
మిషన్లన్నాక చెడిపోతాయి కదా."
ఎందుకని అడగలేదు నేను.
నేనడగాల్సిన ప్రశ్నలకు జాబితా ఉంది,
ఎథిక్స్ కమిటీ ముద్రతో. అందులో ఇది లేదు.

వంటింట్లో టీలో పాలు ఒంపుతూ
డోరీన్ గొంతు తగ్గించింది:
"చెడిపోయిందని చెప్పమన్నాడా?
చెప్పు. నమ్ముతాను.
పదకొండేళ్ళుగా మేడమీద పడుకుని
ఆ కెటిల్ టిక్కుమనడం వింటూనే ఉన్నాను.
నేను మేలుకునే ఉంటానని తెలిస్తే
పాపం, ఆయన ఇంకెక్కడికి పోతాడు?"

బల్లమీద మా ఇద్దరి మధ్యా పెట్టె
పచ్చగా వెలుగుతోంది, వింటున్నట్టు.
దానికి మైకు లేదు.
డిజైనప్పుడు వద్దని పట్టుబట్టింది నేనే.

పేపర్ క్లిప్ సాగదీసి బెజ్జంలో గుచ్చి
పదంకెలు లెక్కపెట్టాలి.
ఏడు దగ్గర "ఆగు" అంది డోరీన్.
ఆగాను. గోడవతల కత్తెర చప్పుడు మొదలైంది.
"ఏం లేదు. కానియ్యి," అంది.
మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టాను.
దీపం నారింజరంగుకు తిరిగి, ఆరిపోయింది.

ఆటుకి సముద్రం మైళ్ళ దూరం జరిగిపోయి
బురదమీద పక్షుల కాళ్ళ ముద్రలు.
బస్సు ఆలస్యం. ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచాను.
పై వరసలో 'గోప్యత' అని నేనే పెట్టిన మాట,
ఇస్త్రీ చేసిన ఆఫీసు మాట.
గుట్టు వేరు. అది ఒంటరిగా నిలవదు.
దాచేవాళ్ళొకరు ఉంటే
చూసీ చూడనట్టు పక్కకు ఒత్తిగిలేవాళ్ళు ఇంకొకరుండాలి.
తొమ్మిదో వరస చివరి గడిలో అంత చోటు లేదు.
సెన్సర్ లోపం, అని కొట్టాను.

సరిచేశారా అని సోమవారం పైనుంచి మెయిలు.
అక్కర్లేదండీ,
బాగానే పనిచేస్తోంది.