రెండు కొసల తాడు

శనివారం వర్క్‌షాప్‌కి ప్లాన్ పంపమన్నారు.
పదిన్నరకి పరిచయాలు, పదకొండుకి బెలూన్ల ఆట,
పన్నెండుకి కళ్ళగంతలు, ఒంటిగంటకి బిర్యానీ.
మూడింటికి తాడులాట,
డిస్పాచ్ ఒకవైపు, అకౌంట్స్ ఒకవైపు.
టీషర్టుల రంగు ఇంకా తేలలేదు.

గాజువాక ఆఫీసులో
వాళ్ళ బల్లల మధ్య దూరం పదకొండడుగులు.
ఏసీ పెట్టించేటప్పుడు నేనే కొలిచాను.
జనవరిలో ఒక లారీ నంబరు తప్పు పడి
పరవాడ వెళ్ళాల్సిన సరుకు పలాస వెళ్ళింది.
అప్పట్నుంచి రజియాకీ ముకుందరావుకీ మధ్య
మాటలన్నీ మెయిల్లోనే,
కాపీ ఎప్పుడూ నాకు.
‘దయచేసి గమనించగలరు’ అనే మాటకి
ఎన్ని పళ్ళుంటాయో నాకు తెలుసు.

ఇసక ఎక్కడ చదునుగా ఉందో చూద్దామని
తెల్లారగట్ల పెదజాలరిపేట వైపు వెళ్ళాను,
చేతిలో టేపు, సంచిలో ముగ్గుపిండి.

అలివి వల లాగుతున్నారు.
ఇక్కడొక వరస.
అక్కడెక్కడో చీమల్లా ఇంకో వరస.
మధ్యలో సముద్రం.
అచ్చం నా మూడుగంటల ఆటే అనుకుని
ఫోను పైకెత్తాను.

‘ఏటమ్మా, ఫొటోలు తీస్తన్నావు?
మడుసులు తక్కువైనారు, ఓ సెయ్యెయ్యి.’
పోలమ్మట ఆవిడ పేరు, తరవాత తెలిసింది.

చెప్పులు విప్పి తాడు పట్టుకున్నాను.
తడి, ఉప్పు, అరచేతిలో మంట.
వెనక కొసకి చేరినవాడు తాడు వదిలి
నడుచుకుంటూ మళ్ళీ నీళ్ళలోకెళ్ళి ముందు పట్టుకుంటాడు.
ఎవరు మొదటో అడగడానికి వీల్లేదు.
లాగుతూనే కాస్త పక్కకి జరగమన్నారు.
ఇంకాస్త. ఇంకాస్త.
ఎందుకో అర్థం కాలేదు.
తల ఎత్తేసరికి
అవతలి చీమలకి మొహాలొచ్చాయి.
ఎర్రచొక్కా ఆయన దగ్గు వినిపించింది.
వల ఒడ్డెక్కేసరికి
ఆయన మోచెయ్యి నా భుజానికి తగిలింది.

పడింది తక్కువే.
రెండు గంపల కవ్వళ్ళు, బోలెడు జెల్లీ చేపలు,
ఎవరిదో ప్లాస్టిక్ దువ్వెన.
వాటాల దగ్గర గట్టిగానే పోట్లాడుకున్నారు,
ఎదురెదురుగా, నోటితో,
ఎవరికీ కాపీ పెట్టకుండా.

ముగ్గుపిండి సంచిలోనే ఉండిపోయింది.

ఆఫీసుకొచ్చి మూడింటి ఆట కొట్టేశాను.
బదులుగా ఏం రాయాలో చాలాసేపు తోచలేదు.
‘జనవరి లారీ’ అని రాశాను.
శనివారందాకా ఎందుకని
పదకొండడుగుల్లో ఆరో అడుగు మీద
కుర్చీ లాక్కుని కూర్చున్నాను.
ఇద్దర్నీ పేరుపెట్టి పిలిచాను.

ఎవరూ కదల్లేదు.
ఫ్యాను కింద ఇన్వాయిస్‌లు రెపరెపలాడాయి.
‘చేతికేమైంది మేడమ్?’
అడిగింది రజియా, బొబ్బ చూసి లేస్తూ.

వెనకాల
ముకుందరావు సొరుగు తెరిచిన చప్పుడు,
మందు కోసం వెతుకుతున్నట్టు.