చదివేటోడు

జడ్చర్ల దాటినంక మందుల కంపెనీల
రెండో అంతస్తు, కిటికీ లేని అర్ర నాది.
తలుపు మీద 'స్టోరు' అని రాసుంటది.
లోపల సామానేం లేదు.
రెండు తెరలు, ఒక కూలరు, ఒక కుర్సి, నేను.

కొల్వుల చేరిన్నాడే సంతకం పెట్టిచ్చుకుంటరు అందరితోని.
ఇరవై రెండో పేజీల ఉంటది, మీ మెయిళ్లు చూస్తమని.
ఇరవై రెండో పేజీ దాంక ఎవలు పోతరు?

మొదలు యంత్రం చదువుతది.
రాజీనామా, యూనియను, లేబరాఫీసు,
ఇంగ్లీషుల ఇసొంటి మాట తగిలిందా
మేక మెడల గంట లెక్క మోగుతది.
కానీ మనోళ్లు
ఇంగ్లీషు అచ్చరాలు పట్టి పాలమూరు మాట రాస్తరు.
'గీ షిఫ్టు ఇంచార్జితోని పానం ఇసిగింది రా' అంటె
దానికేమెరుక?
పుణె నుంచొచ్చిన సారు తల గోక్కున్నడు.
అందుకే నన్ను పెట్టుకున్నరు.

ఇంటర్వ్యూల ఒక్కటే అడిగిండు:
'కిరికిరి' అంటె ఏంది?
లొల్లి కంటె ముంగట ఉండేది సార్, అన్న.
నవ్విండు. తెల్లారి ఐడీకార్డు ఇచ్చిండు.
మా అమ్మ బడి మొకం చూడలే.
ఆమె నోట్ల మాటకు నెలకు పద్దెనిమిది వేలు.

మూడు డబ్బాలుంటయి: పచ్చ, పసుపు, ఎరుపు.
చదివి, ఇంగ్లీషు చేసి, ఒకదాన్ల వెయ్యాలె.
ప్యాకింగుల కురుమూర్తికి చిట్టీ పైసలు మునిగిన సంగతి
వాని పెండ్లాం కంటె ముందు నాకెరుక.
బాయిలరు కాడి బుడ్డన్న
సెలవు కావాలని పదకొండుసార్లు రాసి
ఒక్కసారి గూడ పంపలే.
పంపనియి గూడ నాకు కనబడతయి.
ల్యాబుల షాహెదా, వనపర్తిల ఉన్న చెల్లెకు
రోజు పన్నెండింటికి రాస్తది: ఇయ్యాల కూరేంది?
చెల్లె రాస్తది: పుంటికూర.
ఇంకోనాడు: ఏం లేదక్కా, పచ్చిపులుసు.
పచ్చల వేస్త.
నాకు ఆకలైతది.

క్యాంటీన్ల ఎదురైతె 'స్టోరు సారూ, నమస్తె' అంటరు.
నేను పళ్లెం దిక్కు చూస్త.

మార్చిల సారు ఫోను చేసిండు.
రెండు నెలలాయె, ఒక్క ఎరుపు లేదు.
మీ ఊరోళ్లంత దేవుళ్లా,
లేకుంటె నువ్వు చదువుతలేవా?

ఆ రాత్రే దొరికింది.
నారాయణపేట దిక్కు పిల్లగాడు, శరణప్ప, ట్రైనీ.
తన డబ్బ ఖాళీ చేసిన దోస్తుకు రాసిండు:
'మల్ల నా టిపిను ముట్టినవో, సంపుత బిడ్డా.'

సంపుత బిడ్డా.
చీకటి పడ్డంక ఇంటికొస్తె మా అమ్మ అన్నదదే,
జొన్నరొట్టె మీద కారం ఏసి చేతికిచ్చుకుంట.
దాన్ల సావు లేదని ఎరుక.
ఆ అంతస్తుల నాకు ఒక్కనికే ఎరుక.

ఇంగ్లీషు చేసిన.
'బిడ్డా' అన్నది వదిలేసిన, దానికి ఇంగ్లీషు లేదు.
సంపుడు ఒక్కటి మిగిలింది.
ఎరుపు.

సోమారం కంపెనీ బస్సుల
డ్రైవరెన్క మూడో సీటు ఖాళీ.
ఎవ్వలు అడగలే. నేను గూడ.
కొద్దిసేపయినంక దాని మీద ఎవలో సంచి పెట్టిన్రు.

ఎట్ల తెల్సిందో తెల్వదు.
నెల తిరగకముందే మెయిళ్లన్నీ సాపయినయి.
గౌరవనీయులైన సార్ గారికి.
తగు చర్య తీసుకోగలరని మనవి.
ఏం రా లేదు. ఓ పోరి లేదు. పానం ఇసుగుడు లేదు.
కురుమూర్తి అప్పులు తీరినట్టే ఉన్నయి.
బుడ్డన్న రాసుడే బంద్ చేసిండు.
యంత్రం ఒక్కటే చదువుకుంటున్నది, గంట మోగకుంట.
కూలరు సప్పుడు ఇనుకుంట కూసున్న నేను.

నిన్న పన్నెండింటికి షాహెదా రాసింది:
ఇయ్యాల కూరేంది?

తెర దిక్కే చూసిన.
ఒకటాయె. రెండాయె.
నా టిపిను విప్పలే.
మూడింటికొచ్చింది చెల్లె జవాబు:

ఫోన్ల చెప్త.